జట్టు వెళ్ళిపోయినది, జ్ఞాపకం మిగిలినది

ఏ ఆటలోనైనా గెలుపోటములను పట్టికలు భద్రపరుస్తవి. గొప్ప ఆటగాండ్ర పేర్లను పత్రికలు, బిరుదులు, బహుమతులు భద్రపరుస్తవి. ఈ రెండింటికీ అందకుండా మిగిలిపోయేవారు మరికొందరు ఉంటారు. వారు ఏళ్ళ తరబడి జట్టులో ఉంటారు. అంతగా పేరు పొందరు. ఏదో ఒక సాయంకాలం, జట్టు మునిగిపోతున్న సమయాన, ఒక్క బంతిని ఆపుతారు. లేదా ఒక్క బంతిని లోపలికి పంపుతారు. మరునాటికి పత్రికలు వేరొక వార్తకు పోతవి. ఆ సాయంకాలం చూచినవారు మాత్రం వారిని మరువరు. ఇట్టి ఆటగాండ్ర కీర్తికి అభిమానుల మనస్సు తప్ప వేరే నివాసం లేదు.

ఈ సంగతి ఇప్పుడు విచారింపవలసి రావడానికి ఒక కారణం ఉన్నది. 2019లో వెలసి, 2022లో ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచిన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయినది. పేరు కూడ మార్చుకొని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయినది. వ్యాపార దృష్టితో చూస్తే ఒక సంస్థ ఒక ఊరు విడిచి మరియొక ఊరు చేరినది, అంతే. కాని దాని వెంట వెళ్ళినదేమిటి, ఇక్కడ మిగిలినదేమిటి అని ఆలోచిస్తే విషయం అంత చిన్నదిగా కనిపించదు. యాజమాన్యం వెళ్ళినది, లీగులోని స్థానం వెళ్ళినది, రాబోయే పందేలు వెళ్ళినవి. మిగిలినది జ్ఞాపకం ఒక్కటే. దానికి ఇకమీదట సంరక్షకులెవరు అన్నదే ప్రశ్న.

తెర మీది విజయం

ఈ ప్రశ్న హైదరాబాదు నగరవాసులకు మాత్రమే సంబంధించినది కాదు. సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు నుండి విజయవాడ పోయే రహదారిపై ఉన్నవి. మిర్యాలగూడ గుంటూరు రైలుదారిపై, బియ్యపు మిల్లుల నడుమ ఉన్నది. ఇవి ఫుట్‌బాల్‌కు పేరుపడిన ఊళ్ళు కావు. కబడ్డీ, వాలీబాలు, క్రికెట్టు ఇక్కడి పిల్లలకు ఎక్కువ చనువైన ఆటలు. అయినప్పటికీ ఒక విచిత్రమైన కారణం వలన హైదరాబాదు జట్టు విజయంలో ఈ ఊళ్ళకు నగరంతో సమానమైన పాలు ఉన్నది.

ఆ కారణం కరోనా. 2020–21, 2021–22 సంవత్సరాలలో లీగు పందేలన్నీ గోవాలోనే జరిగినవి. ఆటగాండ్రను బయటి ప్రపంచంతో సంపర్కం లేకుండ ఉంచి, దాదాపు అన్ని పందేలను ఖాళీ మైదానాలలో ఆడించినారు. హైదరాబాదు జట్టు కప్పు గెలిచిన ఆ సంవత్సరం హైదరాబాదులో ఒక్క పందెం కూడ ఆడలేదు. కనుక గచ్చిబౌలి మైదానం పక్కన నివసించే అభిమాని చూచినదీ, మిర్యాలగూడ విద్యార్థి చూడగలిగినదీ ఒక్కటే: టెలివిజన్ తెర. నూటముప్పది, నూటడెబ్బది కిలోమీటర్ల దూరం ఆ రెండేళ్ళు లెక్కకు రాలేదు. మైదానానికి దగ్గర ఉన్నవానికి ఉండే సహజమైన ఆధిక్యం నగరవాసికి లేకపోయినది.

ఆ సంవత్సరం జట్టులో మొదటి పేరు బార్తలోమ్యూ ఓగ్బెచేది. నైజీరియా దేశీయుడైన ఆయన 18 గోల్స్ చేసి లీగులో అందరికంటె ముందు నిలిచినాడు. పట్టికలు తిరగవేసే ఎవరికైనా ఆ పేరు దొరుకుతుంది. కాని 2022 మార్చి 20న మడగాం ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన అంతిమ పందెంలో హైదరాబాదును నిలబెట్టినవారు వేరు.

68వ నిమిషంలో కేరళ జట్టు గోలు చేసినది. కాలం గడచిపోతున్నది. 88వ నిమిషంలో, ఆట నడుమ ప్రత్యామ్నాయంగా లోపలికి వచ్చిన గోవా యువకుడు సాహిల్ తవోరా, పెనాల్టీ పెట్టె వెలుపలి నుండి, గాలిలో వచ్చిన బంతిని వచ్చినట్లే కొట్టినాడు. బంతి గోలులో పడినది. 1–1. అదనపు సమయంలో ఫలితం తేలలేదు. పెనాల్టీలకు వచ్చేసరికి గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు తాపులను ఆపినాడు. హలీచరణ్ నర్జారీ చివరి తాపుతో జట్టును 3–1 తేడాతో గెలిపించినాడు.

తవోరా ఆ జట్టులో అగ్రశ్రేణి తార కాడు. ప్రతి పందెంలోను మొదటి పదకొండుమందిలో ఉండినవాడు కాడు. కట్టిమణి ఎన్నో జట్ల గోలు కాచిన అనుభవజ్ఞుడే గాని, ప్రకటనల బొమ్మలలో కనిపించిన ముఖం కాదు. ఓగ్బెచే చేసిన 18 గోల్స్‌ను సంఖ్యగా గుర్తు పెట్టుకొనవచ్చును. తవోరా చేసిన ఆ ఒక్క గోలును మాత్రం సంఖ్యగా ఎవరూ గుర్తుంచుకొనరు. దానిని ఆనాటి గుండె దడతో కలిపి గుర్తుంచుకొంటారు. అభిమానుల జ్ఞాపకానికీ గణాంకాల జ్ఞాపకానికీ భేదం ఇక్కడనే ఉన్నది. ఒకటి ఎంత అని అడుగుతుంది. మరియొకటి ఎప్పుడు అని అడుగుతుంది.

ఆ తరువాతి కథ త్వరగా చెప్పవలసినది. 2022–23లో జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చి లీగులో రెండవ స్థానం పొందినది. 2023–24లో ఆర్థికమైన చిక్కులలో పడినది. విదేశీ ఆటగాండ్రు, అనుభవజ్ఞులు ఒక్కరొక్కరుగా విడిచిపోయినారు. మిగిలిన కుర్రవాండ్రతో ఆడిన 22 పందేలలో ఒక్కటే గెలిచి, జట్టు చిట్టచివర నిలిచినది. 2024లో యాజమాన్యం మారినది. 2025లో ఊరు మారినది. పుట్టుక నుండి వలస వరకు అంతా ఆరేళ్ళు. ఆరవ తరగతిలో ఈ జట్టును అభిమానించ మొదలుపెట్టిన పిల్లవాడు ఇంటరు ముగించకముందే జట్టు లేకుండ పోయినది.

పోలీసు జట్టు కాలం

హైదరాబాదుకు ఇది మొదటి ఎడబాటు కాదు. నగరానికి ఇంతకంటె గొప్ప జట్టు ఒకటి ఉండేది. అది హైదరాబాదు నగర పోలీసు జట్టు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచిన జట్టు అది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చినది. రాష్ట్ర జట్ల పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956–57, 1957–58 సంవత్సరాలలో వరుసగా గెలుచుకొన్నది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ మరియొకసారి గెలిచినది.

ఈ విజయాల వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి 1963లో మరణించిన ఆయన భారత జట్టుకు కూడ శిక్షకుడు. 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం ఆయన కాలంలోనే లభించినవి. ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరిన భారత జట్టు, ఆ మెట్టు ఎక్కిన మొదటి ఆసియా జట్టు.

రహీం పేరు చాల కాలం మరుగున పడి, 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ చిత్రం మూలంగా మళ్ళీ వినబడినది. అది సంతోషించవలసిన విషయమే. కాని చలనచిత్రం ఒక నాయకుని ఎన్నుకొంటుంది. ఆ నాయకుని చుట్టూ ఉన్న పదిమంది అప్పుడు కూడ నీడలోనే ఉంటారు. మెల్బోర్న్ వెళ్ళిన జట్టులో హైదరాబాదు నుండి అజీజుద్దీన్ ఉన్నాడు, నూర్ మహమ్మద్ ఉన్నాడు, అహమ్మద్ హుసేన్ ఉన్నాడు, చిన్న వయసు జుల్ఫికరుద్దీన్ ఉన్నాడు. వీరిలో ఎందరి పేర్లు తెలంగాణ విద్యార్థికి తెలుసును? ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం తెచ్చిన మనుషులు స్వస్థలంలో పరీక్షకు రాని ప్రశ్నగా మిగిలిపోయినారు.

1950 డ్యూరాండ్ అంతిమ పోటీ గురించి పాత తరం వారు చెప్పుకొనే ముచ్చట ఒకటి ఉన్నది. పోలీసు జట్టు ఓటమి అంచున ఉన్నప్పుడు, చివరి ఘడియలలో, లాయిఖ్ అనే ఆటగాడు దూరం నుండి కొట్టిన తాపు గోలై ఫలితాన్ని సమం చేసినదట. అక్కడి నుండి జట్టు కోలుకొని విజయం సాధించినది. లాయిఖ్‌కూ తవోరాకూ మధ్య డెబ్బదిరెండేళ్ళు. ఒకడు హైదరాబాదు పోలీసు. మరియొకడు జీతానికి వచ్చిన గోవా కుర్రవాడు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. అంతా అయిపోయినదని తలచిన సమయాన ఇంకా కాలేదని చెప్పినారు. అభిమానులు ప్రేమించేది ఈ మాటనే. ఆ మాట ఎవరి కాలి నుండి వచ్చినదో వారిని మరువకపోవడం కృతజ్ఞత.

కలకత్తా ఎందుకు మరువలేదు?

పోలీసు జట్టు ఆటగాండ్రు స్వస్థలంలో మరుగున పడగా, కలకత్తా వెళ్ళిన హైదరాబాదువారు అక్కడ ఎందుకు మిగిలినారన్నది గమనింపదగినది.

తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దండు సమీపాన ఉన్న అమ్ముగూడలో 1936లో పేద కుటుంబంలో జన్మించినాడు. బూట్లు కొనే శక్తి లేక, పోలీసులు పారవేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవానిచేత జోడు చేయించుకొన్నట్లు చెప్పేవాడు. అభ్యాసానికి వచ్చిపోవడానికి సైకిలు ఖర్చు రహీం భరించినట్లు కూడ చెప్పేవాడు. ఇరువది ఏళ్ళ ప్రాయంలో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళినాడు. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసినాడు. 1962 జకార్తా స్వర్ణ పతకంలో భాగస్వామి. ఊపిరితిత్తుల జబ్బు వలన 1963లో, ఇరువది ఏడేళ్ళకే, ఆట మానవలసి వచ్చినది.

పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అను మువ్వురిని ఆనాటి భారత ఫుట్‌బాల్‌కు త్రిమూర్తులని చెప్పుకొనేవారు. చునీ గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించినది. బలరాంకు లభించలేదు. 2023 ఫిబ్రవరి 16న ఆయన కలకత్తాలో మరణించినాడు. జీవితంలో చివరి దశకాలు హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో గడిచినవి గాని, సికింద్రాబాదులో కాదు. ప్రభుత్వం మరచినా, పుట్టిన ఊరు మరచినా, ఈస్ట్ బెంగాల్ అభిమానులు ఆయనను మరువలేదు. తమ జట్టుకు 1961లో నాయకుడై ఉండిన మనిషిగా చివరి వరకు ఆదరించినారు.

మహమ్మద్ హబీబ్ విషయం కూడ ఇట్టిదే. హైదరాబాదులో పుట్టిన ఆయనను కలకత్తా 'బడే మియా' అని పిలుచుకొన్నది. 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2గా ముగించిన పందెంలో ఒక గోలు హబీబ్‌ది. ఆయన తమ్ముడు మహమ్మద్ అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకండ్లకే గోలు చేసినాడు. ఆ పదిహేడు సెకండ్లను కలకత్తా నేటికీ లెక్కిస్తుంది. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే కన్ను మూసినాడు. ఆయన వీధిలో నడచిపోతున్నప్పుడు గుర్తుపట్టేవారు పుట్టిన నగరంలో ఎక్కువా, దూరనగరంలో ఎక్కువా అని అడిగితే, సమాధానం ఎవరికైనా తెలుసును.

ఈ భేదానికి కారణం బెంగాలీల మనస్సు మెత్తనిదనీ, ఇక్కడి మనస్సు కఠినమైనదనీ కాదు. కారణం వ్యవస్థలో ఉన్నది. మోహన్ బగాన్ 1889లోను, ఈస్ట్ బెంగాల్ 1920లోను స్థాపింపబడినవి. వాటికి సభ్యులు ఉన్నారు. తండ్రి సభ్యత్వం తరువాత కొడుకు సభ్యత్వం వస్తుంది. తండ్రి నోట విన్న ఆటగాని పేరు కొడుకు నోటికి చేరుతుంది. జట్టు ఓడిన ఏడు కూడ క్లబ్బు ఉంటుంది గనుక జ్ఞాపకానికి నిలిచే నేల ఉంటుంది.

హైదరాబాదు పోలీసు జట్టు ఒక ప్రభుత్వ శాఖకు చెందినది. దానికి వీక్షకులు వేలకొద్దీ ఉన్నారు గాని సభ్యులు లేరు. రహీం మరణించిన తరువాత, మంచి ఆటగాండ్రు కలకత్తా, బొంబాయి దారి పట్టిన తరువాత, జట్టు క్షీణించినది. జట్టుతో పాటు దాని జ్ఞాపకాన్ని ఒకచోట చేర్చి ఉంచే పీఠం లేకపోయినది. ఆనాటి ఆట ముచ్చట ఎక్కువగా ఉర్దూలోను, ఇంగ్లీషులోను సాగినందున, తెలుగు చదువరికి అది చేరిన పాలు కూడ తక్కువ. నల్లగొండ, సూర్యాపేటల వైపు బళ్ళలో చదివిన తరాలకు రోవర్స్ కప్పు కథ ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బుకు వచ్చిన చిక్కు దీనికి భిన్నమైనది గాని, ఫలితం ఒక్కటే. అది ఒక వ్యాపార సంస్థ. 'డెక్కన్ లీజియన్' పేరుతో అభిమానులు గుంపుగా చేరి, ఓడిన రోజులలో కూడ గచ్చిబౌలికి వచ్చి పాడినారు. కాని సంస్థ ఎక్కడ ఉండవలెనో నిర్ణయించే హక్కు పాడినవారికి లేదు. పోలీసు జట్టుకు సభ్యులు లేరు. క్లబ్బుకు సభ్యులు ఉండే వీలు లేదు. రెండు సందర్భాలలోను అభిమాని ఇంటి యజమాని కాడు, అతిథి.

ఊరు విడిచిన జట్టు, జట్టు విడువని ఊరు

ఇట్టి సంఘటన ఇంగ్లండులో కూడ జరిగినది. లండన్ నగరంలోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు 1988లో ఆ దేశపు ఎఫ్.ఎ. కప్పును గెలిచినది. దానిని దూరాన ఉన్న మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి 2002లో అనుమతి లభించినది. 2003లో జట్టు వెళ్ళిపోయినది. అభిమానులు ఊరక కూర్చుండలేదు. 2002లోనే సొంత క్లబ్బు స్థాపించి, అట్టడుగు పోటీల నుండి ఆట మొదలుపెట్టినారు. 2011లో ఆ క్లబ్బు దేశపు నాలుగు ప్రధాన శ్రేణులలోకి వచ్చినది. 2020లో తన పాత పేట అయిన ప్లౌ లేన్‌కు తిరిగి చేరినది.

అయితే ఈ కథలో విద్యార్థులు ముఖ్యంగా గమనింపవలసిన సంవత్సరం 2007. ఆ ఏట, వెళ్ళిపోయిన క్లబ్బు పాత కప్పులను, గౌరవచిహ్నాలను వింబుల్డన్ ఉన్న మెర్టన్ స్థానిక పాలక సంస్థకు అప్పగించినది. జట్టు మరొక ఊరిలో ఉండవచ్చును. దాని చరిత్ర మాత్రం పుట్టిన ఊరిదే అని అంగీకరించినట్లు అయినది. ఈ అంగీకారం దానంతట అది రాలేదు. పాత ఆటగాండ్ర పేర్లను, పాత పందేల వివరాలను పట్టుకొని కూర్చున్న మనుషులు ఉన్నందున వచ్చినది.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. జట్టును నడపడానికి డబ్బు కావలెను. జ్ఞాపకాలతో జీతాలు ఇవ్వలేము. నష్టపడే యజమానిని ఊరి పేరు చెప్పి కట్టివేయడం న్యాయమా అని అడుగవచ్చును. ఈ మాటలో సత్యం ఉన్నది. జీతాలు అందని ఆటగాడు అభిమానుల పాటలతో కడుపు నింపుకొనలేడు. కాని దాని నుండి తేలేది జ్ఞాపకం వ్యర్థమని కాదు. జ్ఞాపకాన్ని యజమాని చేతిలో పెట్టి ఊరకుండరాదని తేలుతుంది. వ్యాపారం ఉన్నంత కాలం ఉండేదానికి, అది పోయిన తరువాత కూడ ఉండవలసినదానికి స్థానాలు వేరుగా ఉండవలెను.

రెండవ ఆక్షేపణ ఇంకా బలమైనది. అభిమానుల జ్ఞాపకం అతిశయోక్తికి లోబడుతుంది. ప్రతిసారి చెప్పినప్పుడు గోలు కొట్టిన దూరం ఐదు గజాలు పెరుగుతుంది. ఆటగాని ఒడ్డు పొడుగు పెరుగుతుంది. తప్పిన బంతులు మరుపుకు వస్తవి. ప్రేమ సాక్షిగా మంచిదే గాని న్యాయాధికారిగా మంచిది కాదు. కనుకనే జ్ఞాపకాన్ని వినేవాడు వ్రాసుకొనవలెను. వ్రాసుకొన్నదానిని ఆనాటి పత్రికతో సరిచూడవలెను. ఇద్దరు సాక్షులు చెప్పిన తేడాను చెరిపివేయక పక్కపక్కన ఉంచవలెను. చరిత్ర రచన అనే విద్యకు మొదటి పాఠం ఇదే. ఈ పాఠం చెప్పడానికి రాజుల కథలకంటె ఊరి ఆటగాని కథ సులభమైన సాధనం. ఎందుకనగా సాక్షులు ఇంకా బ్రతికి ఉన్నారు.

బడి ఎక్కడికీ పోదు

ఇంతకూ రహీం వృత్తి ఏమిటి? ఆయన ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల బళ్ళలో పాఠాలు చెప్పినవాడు. ఆటగాండ్రకు శిక్షణ ఇచ్చిన పద్ధతిలో కూడ ఉపాధ్యాయుని లక్షణమే కనబడుతుంది. బంతిని ఒంటరిగా నడుపుకొని పోకుండా వెంటనే అందించవలెనని నియమం పెట్టి కొన్ని పందేలు ఆడించేవాడు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనని మరికొన్ని ఆడించేవాడు. ప్రతిభ ఉన్నవానిని మెచ్చుకొనడంతో ఆగక, లోపాన్ని అభ్యాసంగా మార్చడం బడిపంతులు చేసే పని. భారతదేశపు ఫుట్‌బాల్‌లో మిక్కిలి ఉజ్జ్వలమైన అధ్యాయం ఒక తరగతి గది నుండి వచ్చినదని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ఉపాధ్యాయులు గర్వంతో చెప్పుకొనవచ్చును.

ఈ ఊళ్ళకు ఆటపై ప్రేమ తక్కువ లేదు. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలో జరిగినప్పుడు జనం విరగబడి వచ్చినారు. మార్చి 22 సాయంకాలం గ్యాలరీ కూలి నూరుమందికి పైగా గాయపడినారు. ఆ పోటీల గురించి దేశానికి చేరిన వార్త ఆ ప్రమాదం. దేశం నలుమూలల నుండి వచ్చి, ఆ మట్టిపై ఆడిన బాలబాలికల పేర్లు ఎన్నిచోట్ల వ్రాసి ఉన్నవి? ప్రమాదానికి విచారణ జరుగుతుంది. దాని కాగితాలు మిగులుతవి. ఆటకు కాగితం మిగలడం ఎవరో ఒకరు పూనుకొంటేనే జరుగుతుంది.

ఏ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలను తీసుకొన్నా, జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు ఆడిన పిల్లలు కొందరు ఉంటారు. వారి కప్పులు ప్రధానోపాధ్యాయుని గదిలో బీరువా మీద దుమ్ము పట్టి ఉంటవి. కప్పు మీద బడి పేరు ఉంటుంది, సంవత్సరం ఉంటుంది, ఆడినవారి పేర్లు ఉండవు. ఆ ఆటగాడు నేడు మిల్లులో గుమాస్తాయో, బస్సు కండక్టరో, సాగర్ కాలువ కింద సేద్యం చేసుకొనే రైతో అయి ఉండవచ్చును. ఆనాడు చివరి పట్టు పట్టి జట్టును గెలిపించిన సంగతి అతనికి, తోటి ఆటగాండ్రకు, అప్పటి వ్యాయామ ఉపాధ్యాయునికి తెలుసును. ఆ ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే సాక్షి ఒకడు తగ్గినాడు.

దీనికి కావలసిన పరికరం చాల చిన్నది. బడిలో ఒక పుస్తకం; అందులో ప్రతి ఏట బడి తరఫున ఆడిన పిల్లలందరి పేర్లు, గెలిచినా ఓడినా, ప్రత్యామ్నాయంగా బల్లమీద కూర్చున్నవారితో సహా. పాత విద్యార్థులను పిలిపించి, వారు చెప్పినది నేటి విద్యార్థులు వ్రాసుకొని, పాత పత్రికతోను, పాత ఫొటోతోను సరిచూడవలెను. దీనికి నిధులు అక్కరలేదు. ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. తెలుగు తరగతికి వ్యాసరచన అవుతుంది. సాంఘికశాస్త్రానికి క్షేత్ర పరిశీలన అవుతుంది. ఆటల మాస్టరుకు గౌరవం అవుతుంది. బల్లమీద కూర్చున్న పిల్లవాని పేరు కూడ వ్రాసి ఉంచే బడిలో, ఆ పిల్లవాడు మరునాడు అభ్యాసానికి తప్పక వస్తాడు. పేరు వ్రాయడం వలన ఆటకు కలిగే లాభం అది.

పెద్ద జట్లు వస్తవి, పోతవి. పోలీసు జట్టు ఐదుసార్లు వరుసగా గెలిచి కూడ స్మృతిలో నిలువలేకపోయినది. లీగు విజేత జట్టు ఆరేళ్ళలో ఊరు మారినది. బలరాంను, హబీబును పరాయి నగరం దాచుకొన్నది. ఆ నగరానికి వారి పేర్లను తరం నుండి తరానికి అందించే సంస్థలు ఉన్నవి. సూర్యాపేటకు, కోదాడకు, మిర్యాలగూడకు నూరేళ్ళ క్లబ్బులు లేవు. కాని ఎవరూ కొని వేరొక ఊరికి తరలించలేని సంస్థ ఒకటి ఉన్నది. అది ఊరిలోని బడి. తవోరా గోలును తెర మీద చూచి ఎగిరి గంతువేసిన పిల్లలు ఆ బడిలోనే చదివినారు. వారి తరువాతివారికి ఆ గోలు కథనూ, దానితో పాటు తమ సొంత మైదానంలో ఆడిన అన్నల, అక్కల కథలనూ చెప్పగలిగినది కూడ ఆ బడియే.